మిర్చి సైట్‌కు నకలు: సర్వర్ లాగ్‌లోని గుర్తులతో మిర్రర్ డొమైన్‌ను ఆపిన కేసు

జూన్ రెండో వారంలో పల్నాడు వైపు నుంచి ఒక రైతు మా క్లయింట్‌కు ఫోన్ చేశారు. "సార్, మీరు కూడా బెట్టింగ్ యాప్‌ల్లోకి దిగారా? నారుమడి గురించి చదువుదామని తెరిస్తే అన్నీ పేకాట బొమ్మలే వస్తున్నాయి" అన్నారట. మా క్లయింట్ వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన అధికారి. మిర్చి, పత్తి, కంది మీద ఏళ్ల తరబడి తెలుగులో రాస్తున్నారు. ఆరు వందలకు పైగా వ్యాసాలున్నాయి. సైట్‌లో ఒక్క ప్రకటన కూడా లేదు. రైతు పంపిన స్క్రీన్‌షాట్‌లో వ్యాసం ఆయనదే, ఫొటోలు ఆయనవే. పైన చిరునామా మాత్రం ఇంకెవరిదో.

ఆయన నాకు ఫోన్ చేసినప్పుడు ట్రాఫిక్ మాట ఎత్తలేదు. "నాయనా, నా పేరు చూసి నమ్మి ఎవరైనా అందులో డబ్బులు పోగొట్టుకుంటే ఎట్లా?" అని అడిగారు. ఈ కేసులో ఏ పని ముందు చేయాలో ఆ ప్రశ్నే తేల్చింది.

ట్రాఫిక్ కూడా అప్పటికే పడిపోయి ఉంది. ఏటా మృగశిర కార్తె వచ్చేసరికి ఈ సైట్‌కు జనం పెరుగుతారు. విత్తన శుద్ధి, నారుమడి, పచ్చిరొట్ట ఎరువుల పేజీలు బాగా తెరుస్తారు. ఈసారి సెర్చ్ నుంచి వచ్చే క్లిక్‌లు పెరగలేదు సరికదా, సగానికి తగ్గాయి. వానలు ఆలస్యమయ్యాయి కాబట్టి అలా ఉందనుకున్నాం. అనలిటిక్స్‌లో, అంటే సందర్శకుల లెక్క చూపే టూల్‌లో, హోస్ట్‌నేమ్ వారీగా (ఏ డొమైన్ పేరు కింద పేజీ తెరుచుకుందో ఆ లెక్కన) ఎప్పుడైనా చూసి ఉంటే మే చివరి వారంలోనే విషయం తెలిసేది. మా సైట్ అనలిటిక్స్‌లోనే ఇంకో డొమైన్ పేరు కింద వేల సందర్శనలు నమోదై ఉన్నాయి. మా పేజీలో ఉన్న అనలిటిక్స్ కోడ్‌ను వాళ్లు తీసేయకుండా అలాగే వాడుకున్నారు.

గూగుల్ సైట్ యజమానులకు ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నల్ల తామర పురుగు పేజీని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో, అంటే ఒక్కో పేజీ స్థితి చూపే చోట, పెట్టి చూశాను. 2021-22లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో మిర్చిని దెబ్బతీసిన పురుగు అది. ఆ పంట కాలం నుంచి ఎక్కువమంది చదివిన పేజీ కూడా అదే. కెనానికల్ అంటే ఒకేలాంటి పేజీల్లో అసలుదిగా లెక్కపెట్టే చిరునామా. యూజర్ డిక్లేర్డ్ కెనానికల్ (సైట్ తానుగా చెప్పేది) దగ్గర మా చిరునామా ఉంది. గూగుల్ సెలెక్టెడ్ కెనానికల్ దగ్గర వాళ్ల చిరునామా ఉంది. అంటే రెండు పేజీలూ ఒకటేనని గుర్తించి, ఫలితాల్లో చూపడానికి వాళ్ల పేజీని ఎంచుకోవడం జరిగింది. దీన్ని చాలామంది పెనాల్టీ అంటారు. అది పెనాల్టీ కాదు. ఒకేలాంటి పేజీలను ఒక గుంపుగా చేసి అందులోంచి ఒకదాన్ని ముందుకు తెస్తారు. ఆ ఒక్కటి మనది కాకపోవడమే ఇక్కడ జరిగిన నష్టం.

నకలు అనగానే చాలామంది వెంటనే గూగుల్‌కు ఫిర్యాదు పంపుతారు. నా అనుభవంలో అది చివర చేయాల్సిన పని. పేజీలు వాళ్లకు ఎలా చేరుతున్నాయో తెలియకుండా ఫిర్యాదు చేస్తే, మనం ఇచ్చిన యాభై యూఆర్‌ఎల్‌లు పోయేలోపు ఇంకో వంద పుడతాయి. అసలు సరఫరా ఆగలేదు కదా.

పేజీలు వెళ్లే దారులు ప్రధానంగా నాలుగు. మొదటిది, వాళ్ల డొమైన్ డీఎన్ఎస్‌ను (పేరును సర్వర్‌కు కలిపే వ్యవస్థ) నేరుగా మన సర్వర్ ఐపీకి, అంటే దాని అంకెల చిరునామాకు, తిప్పడం. ఏ పేరుతో అడిగారో చూడకుండా సర్వర్ తన మొదటి సైట్‌ను చూపించేస్తుంది. దీన్ని పట్టుకోవడం సులభం. వాళ్ల డొమైన్‌కు మన ఐపీయే వస్తుంది, హెచ్‌టీటీపీఎస్‌తో తెరిస్తే సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది, ఎందుకంటే వాళ్ల పేరు మీద సర్టిఫికెట్ మన సర్వర్‌లో ఉండదు. ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో తెలియని పేర్లన్నిటికీ ఒక డిఫాల్ట్ సర్వర్ బ్లాక్ పెట్టి 444 ఇస్తే, అంటే జవాబివ్వకుండా కనెక్షన్ మూసేస్తే, ఆ తలనొప్పి అక్కడితో పోతుంది. రెండోది, ఒకసారి మొత్తం సైట్ దించుకుని పెట్టుకున్న కాపీ. మూడోది, మన పేజీని ఫ్రేమ్‌లో బిగించి చూపడం. దానికి కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే హెడర్‌లో (పేజీతో పాటు సర్వర్ పంపే సూచన) ఫ్రేమ్ యాన్సెస్టర్స్ అనే నియమం పెడితే చాలు. నాలుగోది రివర్స్ ప్రాక్సీ. ఎవరైనా వాళ్ల సైట్ తెరిస్తే, వాళ్ల సర్వర్ అప్పటికప్పుడు మన దగ్గరికి వచ్చి పేజీ తీసుకుని, అందులో మన డొమైన్ పేరు ఉన్నచోటల్లా వాళ్ల పేరు పెట్టి, ప్రకటనలు కలిపి ఇస్తుంది.

మాది ఏదో తేల్చడానికి సైట్‌లో ఎక్కడా లింక్ లేని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టాను. అందులో "ఉసిరి 4417" అని మాత్రమే రాశాను. వాళ్ల డొమైన్ పేరుతో అదే ఫైల్ అడిగితే వెంటనే వచ్చింది. కొత్తగా పుట్టిన ఫైల్ కూడా అక్కడ కనిపించిందంటే అది లైవ్ ప్రాక్సీయే.

ముందుగా సార్ అడిగిన ప్రశ్నకు జవాబుగా ఒక పని చేశాం. ప్రతి వ్యాసం మొదట్లో ఒక వాక్యం పెట్టాం: ఈ వ్యాసం ఫలానా సైట్‌ది, పైన చిరునామాలో వేరే పేరు కనిపిస్తే అది మాది కాదు, అందులోని ప్రకటనలతో మాకు సంబంధం లేదు. ఆ వాక్యంలో మా డొమైన్ పేరును డాట్‌తో సహా తెలుగు అక్షరాల్లోనే రాశాం. వాళ్ల ప్రాక్సీ వెతికి మార్చేది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పేరునే. తెలుగులో రాసిన పేరు దాని కంట పడలేదు. గంటలోపే నకలు సైట్‌లోనే, వాళ్ల పేకాట బొమ్మల పైన, మా హెచ్చరిక కనిపించింది. జావాస్క్రిప్ట్‌తో దారి మళ్లించడం కూడా ఒక పద్ధతే కానీ, అలాంటి స్క్రిప్ట్‌ను వాళ్లు తీసేయగలరు. ఈ వాక్యం మాత్రం రైతు చదివే వ్యాసంలో భాగంగానే ఉంది.

తర్వాత అడ్డుకునే పని మొదలుపెట్టి మొదటి రోజే ఒక తప్పు చేశాను. వాళ్ల డొమైన్‌కు డీఎన్ఎస్‌లో కనిపించిన ఐపీలను ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేశాను. ఏమీ మారలేదు. అవి సీడీఎన్ ఐపీలు, అంటే సైట్‌కూ జనానికీ మధ్యలో ఉండి పేజీలు అందించే సర్వీసువి. జనం వాళ్ల సైట్‌లోకి వెళ్లే గుమ్మం అది. వాళ్లు మా సర్వర్‌కు వచ్చే గుమ్మం వేరే ఉంది. దాన్ని తెలుసుకోవడానికి, తనను అడిగినవాళ్ల ఐపీని తెర మీద చూపించే చిన్న పీహెచ్‌పీ ఫైల్ ఒకటి పెట్టి, దాన్ని వాళ్ల డొమైన్ ద్వారా తెరిచాను. వాళ్ల అసలు ఐపీ తెర మీదికి వచ్చింది. రిఫ్రెష్ చేసిన కొద్దీ మూడు వేర్వేరు ఐపీలు కనిపించాయి, మూడూ ఒకే హోస్టింగ్ కంపెనీవి. మీ సైట్ కూడా సీడీఎన్ వెనక ఉంటే ఆ ఫైల్ మీ సీడీఎన్ ఐపీనే చూపిస్తుంది. అప్పుడు సీడీఎన్ పంపే అసలు సందర్శకుడి ఐపీ హెడర్‌ను చదవాలి.

ఆ మూడింటికీ ఏం జవాబివ్వాలి అన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. 301తో, అంటే పేజీ శాశ్వతంగా వేరే చిరునామాకు మారిందనే జవాబుతో, మా సైట్‌కే మళ్లిద్దామని మొదట ప్రయత్నించాను. ప్రాక్సీ ఆ దారి మళ్లింపులోని పేరునూ మార్చేసింది, పేజీ తన చుట్టూ తానే తిరిగింది. 503 ఇస్తే ఇంకా నష్టం. సర్వర్‌కు తాత్కాలికంగా ఇబ్బంది వచ్చిందనుకుని ఆ పేజీలను సెర్చ్ ఇండెక్స్‌లో కొంతకాలం అలాగే ఉంచుతారు. బాట్‌లు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌తో అడ్డుకుందామా అంటే, పేజీ పోయిందని గూగుల్‌బాట్ (గూగుల్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్) చూసే అవకాశమే ఉండదు. అందుకే ఆ ఐపీలకు 410 ఇచ్చాం, అంటే ఈ పేజీ ఇక లేదు అని. నకలు సైట్‌ను గూగుల్‌బాట్ అడిగితే వాళ్ల ప్రాక్సీ మా 410నే తీసుకెళ్లి ఇస్తుంది.

నాలుగు రోజులు బాగానే సాగింది. ఐదో రోజు వాళ్లు ఐపీలు మార్చారు. మళ్లీ బ్లాక్ చేశాం, మళ్లీ మార్చారు. సార్‌కు నిద్ర పట్టడం లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇలా ఐపీల వెంట పడుతూ ఉంటే ఎప్పటికీ తెమలదు. వాళ్లు మార్చుకోలేని గుర్తు ఏదైనా పట్టుకోవాలి.

ఆ గుర్తు హెడర్‌లలో, అంటే పేజీ అడిగేటప్పుడు దానితో పాటు వచ్చే సూచనల్లో, దొరికింది. క్రోమ్ లాంటి బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు, కుదించిన రూపంలో ఇచ్చినా తీసుకుంటానని యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ అనే హెడర్‌లో చెబుతుంది. గూగుల్‌బాట్ కూడా అలాగే చెబుతుంది. ప్రాక్సీకి మాత్రం కుదించిన పేజీతో పని జరగదు. పేజీలో పేరు వెతికి మార్చాలంటే అక్షరాలు విడిగా కనిపించాలి. అందుకని ఇలాంటి ప్రాక్సీల్లో ఆ హెడర్‌ను తీసేసి పంపడం మామూలు. అంటే మా సర్వర్‌కు వచ్చేసరికి అడిగేది ఎవరో చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌లో క్రోమ్ అని ఉంటుంది, యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ మాత్రం ఖాళీగా ఉంటుంది. అసలు క్రోమ్ అలా రాదు.

లాగ్ అంటే సర్వర్‌ను ఎవరు ఏం అడిగారో నమోదయ్యే ఫైల్. దాని మామూలు ఫార్మాట్‌లో ఆ హెడర్ నమోదు కాదు. దాన్ని చేర్చి, ఎవరినీ ఆపకుండా రెండు రోజులు చూశాను. ఈ రెండు రోజుల ఓపిక తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆ హెడర్ లేకుండా వచ్చేవాళ్లలో నకలు సైట్‌తో పాటు లింక్ ప్రివ్యూ తీసే బాట్‌లు, సైట్ నడుస్తోందో లేదో చూసే మానిటర్, ఫీడ్ రీడర్లు కూడా ఉన్నాయి. ఒక ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వచ్చే నిజమైన పాఠకులు కూడా కనిపించారు. వాళ్ల నెట్‌వర్క్‌లోని భద్రతా సాఫ్ట్‌వేర్ ఆ హెడర్‌ను తీసేస్తోంది. తొందరపడి ఉంటే వాళ్లందరి మీదా తలుపు వేసేవాళ్లం. అందుకే రూల్‌ను బాగా ఇరుకు చేశాం. క్రోమ్ అనో గూగుల్‌బాట్ అనో చెప్పుకుంటూ, ఈ హెడర్ లేకుండా, డేటా సెంటర్ ఐపీల నుంచి వస్తేనే 410.

దానికి తోడు ఇంకో రూల్ పెట్టాం. ఈ ప్రాక్సీ తన దగ్గరికి వచ్చినవాళ్ల యూజర్ ఏజెంట్‌ను ఉన్నదున్నట్టు మాకు పంపుతోంది. నకలు సైట్‌లోకి గూగుల్‌బాట్ వెళ్తే మా లాగ్‌లో గూగుల్‌బాట్ పేరే పడుతుంది, ఐపీ మాత్రం గూగుల్‌ది కాదు. గూగుల్ తన బాట్‌ల ఐపీల జాబితాను బయటికే ఇస్తుంది. రివర్స్ డీఎన్ఎస్‌తో ఐపీ నుంచి పేరు తెలుసుకుని, ఆ పేరు నుంచి మళ్లీ ఐపీ వెతికి సరిచూసుకోవచ్చు కూడా. పేరు గూగుల్‌బాట్ అయి, ఐపీ ఆ జాబితాలో లేకపోతే 410. వాళ్లు ఎన్ని ఐపీలు మార్చినా, సెర్చ్ ఇంజిన్‌కు మా పేజీని చూపించే దారి మూసుకుపోయింది. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ రూలే.

ఈ మధ్యలో మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక ఉపాయం చెప్పాడు. "అన్నా, వాళ్ల డొమైన్‌ను మన సెర్చ్ కన్సోల్‌లో చేర్చి, యజమాని ఎవరో నిరూపించే వెరిఫికేషన్ ఫైల్‌ను మన సర్వర్‌లో పెడదాం. ప్రాక్సీ దాన్ని వాళ్ల డొమైన్‌లోనూ చూపిస్తుంది కదా. అప్పుడు రిమూవల్స్ టూల్‌తో మనమే వాళ్ల పేజీలన్నీ దాచేయొచ్చు" అన్నాడు. సాంకేతికంగా అతను చెప్పింది నిజం, అది పనిచేస్తుంది. నేను వద్దన్నాను. మనది కాని డొమైన్‌కు మనమే యజమానులమని ఒక రికార్డులో చెప్పడం అది. రేపు కాపీరైట్ ఫిర్యాదులో సార్ సంతకం పెట్టి, నేను చెప్పేదంతా నిజం అని రాయాలి. ఆ సంతకం పక్కన ఇలాంటి పని ఉండకూడదు. పైగా ఆ టూల్ పేజీలను దాచేది ఆరు నెలలపాటే.

లింకుల రిపోర్టులో ఆ నకలు డొమైన్ నుంచి వేల లింకులు కనిపించాయని సార్ కంగారుపడ్డారు. ఆ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసావో ఫైల్ వేయమని ఎవరో సలహా ఇచ్చారట. అది దీనికి మందు కాదు, మేం వేయలేదు.

ఇక మా ఇంటి సంగతి. ఇంత చిన్న నకలు డొమైన్ మాకంటే ముందుకు ఎలా వచ్చిందో వెతికితే, తప్పు చాలావరకు మా దగ్గరే ఉంది. ఏప్రిల్‌లో సైట్‌ను డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని చిరునామాకు మార్చారు. సైట్‌మ్యాప్‌లో (సెర్చ్ ఇంజిన్‌కు ఇచ్చే పేజీల జాబితా) పాత చిరునామాలే ఉండిపోయాయి. వ్యాసాల లోపలి లింకులు సగం పాతవి, సగం కొత్తవి. కొన్ని పాత పేజీలకు 301 లేదు, పాతా కొత్తా రెండూ తెరుచుకుంటున్నాయి. ఏది అసలు పేజీ అని నిర్ణయించడానికి సెర్చ్ ఇంజిన్ చూసే గుర్తులు ఇవే: దారి మళ్లింపులు, కెనానికల్ ట్యాగ్, సైట్‌మ్యాప్, లోపలి లింకులు. మావి ఒకదానికొకటి పొసగకుండా ఉన్నాయి. నకలు సైట్‌లో మాత్రం ప్రాక్సీ అన్నిటినీ ఒకే పేరుకు మార్చేయడం వల్ల గుర్తులన్నీ చక్కగా ఒకే వైపు చూపిస్తున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వారమంతా కూర్చుని ఇవన్నీ సరిచేశాం.

కెనానికల్ విషయంలో ఒక మార్పు ప్రత్యేకంగా చెప్పాలి. కెనానికల్‌ను పేజీ లోపల పూర్తి చిరునామాతో రాసినా, ప్రాక్సీ దాన్ని తన పేరుకు మార్చేస్తుంది. కానీ అదే కెనానికల్‌ను లింక్ అనే హెచ్‌టీటీపీ హెడర్‌లోనూ పంపవచ్చు, గూగుల్ దాన్ని కూడా గుర్తిస్తుంది. పేరు మార్చే ప్రాక్సీల్లో చాలావరకు పేజీ లోపలి అక్షరాలనే ముట్టుకుంటాయి, ఈ హెడర్‌ను వదిలేస్తాయి. అందుకని పేజీ లోపలి ట్యాగ్‌ను తీసేసి హెడర్‌లో మాత్రమే ఉంచాం. రెండుచోట్లా ఉంచితే నకలు పేజీలో ఒకటి వాళ్ల పేరు, ఇంకోటి మా పేరు చెబుతాయి. అలా తగువు పడే గుర్తులు ఎవరికీ ఉపయోగపడవు.

లైవ్ పేజీలు ఆగిపోయాక వాళ్లు అంతకు ముందే దాచుకున్న కొన్ని పేజీలను మామూలు ఫైళ్లుగా పెట్టుకున్నారు. ఫిర్యాదుకు సమయం అప్పుడు వచ్చింది. ఇక ఆ జాబితా పెరగదు.

"కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు కదా, మన మాట వింటారా?" అని సార్ అడిగారు. అవసరం లేదు. రాసిన క్షణం నుంచే రచయితకు హక్కు ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గూగుల్‌కు పంపేది అమెరికా 1998 చట్టం, అంటే డీఎంసీఏ కింద నోటీసు. మన దేశంలో అయితే 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూల్ ఉంది. దాని ప్రకారం సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ పేజీలను అందించే మధ్యవర్తి సంస్థ అందుబాటును ఆపాలి. 21 రోజుల్లోపు మనం కోర్టు ఉత్తర్వు తేకపోతే ఆ సంస్థ తిరిగి తెరవవచ్చు.

ఫిర్యాదు రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే ఏది మాది, ఏది కాదు అని విడదీయాల్సి వచ్చింది. కొన్ని ఫొటోలు రైతులు వాట్సాప్‌లో పంపినవి. వాటి మీద హక్కు సార్‌ది కాదు, వాటిని పక్కన పెట్టాం. కొన్ని సిఫారసులు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చినవి. సమాచారం అక్కడిదే, వాక్యాలు సార్‌వి. ఫిర్యాదులో వాక్యాల గురించే చెప్పాం. తప్పుగా చెబితే చట్టం ముందు జవాబుదారీ మనమే. నోటీసు నకలు, ఇలాంటి నోటీసులను భద్రపరిచే లూమెన్ డేటాబేస్‌లోకి వెళ్తుందని, పంపినవారి పేరు అందరికీ కనిపించవచ్చని కూడా ముందే చెప్పాను. "నా పేరు మీదే కదా రాసింది, నా పేరు మీదే పంపుదాం" అన్నారు.

నకలు అని చూపించడానికి తెలుగు టైపింగ్ ఒక మంచి సాక్ష్యం ఇచ్చింది. "వైరస్‌కు" లాంటి మాటలో పొల్లు విడిగా నిలవడానికి, కంటికి కనిపించని ఒక అక్షరం టైప్ అవుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. సార్ కొన్నిచోట్ల అది పెడతారు, కొన్నిచోట్ల మరిచిపోతారు. వాళ్ల కాపీలోనూ అది సరిగ్గా అవే మాటల్లో ఉంది, అవే మాటల్లో లేదు. ఎవరో విడిగా రాసుకుంటే అలా కుదరదు.

నోటీసును మూడుచోట్లకు పంపాం: గూగుల్‌కు, వాళ్ల సీడీఎన్‌కు, హోస్టింగ్ కంపెనీకి. సీడీఎన్ తన దగ్గర ఫైళ్లు ఉండవని చెప్పి, అసలు హోస్టింగ్ ఎవరిదో తెలిపింది. లాగ్‌లో మేం చూసిన కంపెనీయే అది. హోస్టింగ్ కంపెనీ ఫైళ్లు తీయించింది. డొమైన్ ఎవరిదో తెలుసుకోవడానికి వెతికినా పేరు దాచి ఉంది. ఆ వెతుకులాటలో ఒక రోజు పోయింది, ఉపయోగం లేదు.

జులై చివరికి నారుమడి పేజీలకు గూగుల్ సెలెక్టెడ్ కెనానికల్‌గా మా చిరునామా తిరిగి వచ్చింది. నల్ల తామర పురుగు పేజీ ఆగస్టు రెండో వారంలో వచ్చింది. మిర్చి నాట్లు ముమ్మరంగా పడే సమయం అది. ఆ సాయంత్రమే సార్ ఆ వ్యాసంలో కొత్త ఫొటోలు చేర్చారు. పత్తి పేజీల్లో కొన్ని ఇంకా పాత స్థానానికి రాలేదు. అవి ఏప్రిల్ మార్పులో దెబ్బతిన్నవని నా అంచనా. వాటి 301లు విడిగా చూస్తున్నాం.

హెచ్చరిక వాక్యాన్ని తీసేద్దామా అని అడిగితే సార్ వద్దన్నారు. దాన్ని వ్యాసం మొదటి నుంచి చివరికి మార్చాం. అనలిటిక్స్‌లో కొత్త హోస్ట్‌నేమ్ కనిపిస్తే మెయిల్ వచ్చేలా పెట్టాను. సోమవారం సోమవారం లాగ్ తీసి చూస్తాను. క్రోమ్ అని చెప్పుకుంటూ ఆ హెడర్ లేకుండా వచ్చేవి ఇప్పటికీ రోజుకు కొన్ని పడుతూనే ఉన్నాయి. అన్నిటి పక్కనా 410 ఉంది.